చరణము మోయు బరువు

గంభీరమైన సాంఘికవిషయమును చెప్పవలెనన్నచో భాషయు గంభీరముగానే ఉండవలెనను నమ్మకము మన విద్వల్లోకమున చిరకాలముగా వేళ్లూనియున్నది. పద్యమునకు గల మన్నన పాటకు లేదు; పాటలలోను కీర్తనకు గల మన్నన దంపుళ్లపాటకు లేదు. అయినను, గడచిన నూరేండ్లలో తెలుగునాట పాలకులకు కునుకు పట్టకుండ చేసిన రచనల పట్టికను వ్రాయబూనినవాడు, ప్రౌఢకావ్యముల పేళ్లకంటె ముందుగా, నాగటిచాలులో పుట్టినవియు, డప్పు దరువుపై లేచినవియు నగు పాటలను అందు వ్రాసికొనక తప్పదు. అక్షరము రాని వాని నోటికి రెండుమారులు విన్నంతనే పట్టుపడు పాట, శాసనసభలలో ఏండ్ల తరబడి తెమలని సమస్యను ఎట్లు మోయగలుగుచున్నది? సరళమైన పాటలెల్ల మోయగలుగుచున్నవా, లేక కొన్ని ఆ బరువును నడిదారిలో దించి తాళమును మాత్రము మిగుల్చుకొన్నవా? తెలుగుపాటను ఈ దృష్టితో ఒకమారు పరామర్శించుట ఈ వ్యాసమున నా తలపు.

సరళమైన పాట శ్రమలేక వ్రాయబడినదని తలచుట తగదు. దీర్ఘసమాసము నాశ్రయించిన కవికి భావము బలహీనమైనచోట శబ్దము ఆసరా యగును. వినువాడు అర్థము పూర్తిగా తెలియకున్నను నాదమునకు తలయూచును. పాటకవికి ఆ ఆసరా లేదు. అతని పాటలో ఊరక పడిన మాట వెంటనే బయటపడును; పాడువారు మరునాటికే దానిని తీసివేసి, తమకు తోచిన వేరొక మాటను అచట వేసికొందురు. పద్యమునకు వ్యాఖ్యాతలు దొరకుదురు; పాటకు సవరించువారే దొరకుదురు. ఆ సవరణలన్నింటికిని తట్టుకొని నిలిచినపాట పైకి ఎంత తేలికగా కనబడినను, దాని వెనుక ఒక కవియే గాక ఒక ఊరుకు ఊరే పనిచేసియుండును.

ఈ విచారణకు రాజకీయవేదిక ఆరంభస్థానము కాదు. రోలును, తిరుగలియు, ఊయెలయు ఉన్నచోటనే దీనిని ఆరంభింపవలెను. మన స్త్రీలు తరతరములుగా పాడుకొనుచు వచ్చిన రామాయణపు పాటలు రామకథను చెప్పుచున్నట్లే యుండును గాని, వాల్మీకి ఎన్నడును అడుగిడని గదులలోనికి అవి మనలను తీసికొనిపోవును. అందు ఊర్మిళాదేవి నిద్ర యను పాటను పరిశీలింపుడు. లక్ష్మణుడు అన్నవెంట అడవికి పోయినాడు. ఊర్మిళ పదునాలుగేండ్లు మంచముపై నిద్రించినది. పట్టాభిషేకము ముగిసిన పిదప, సీత గుర్తుచేసినమీదట, అన్న సెలవు పుచ్చుకొని లక్ష్మణుడు ఆమె గదికి వచ్చును. నిదుర మేల్కొన్న ఊర్మిళ భర్తను గుర్తింపదు. ఎవడో పరపురుషుడు తన గదిని చొచ్చినాడని తలచి, తన తండ్రికి తెలిసిన శిక్ష తప్పదనియు, పరస్త్రీని కోరి ఇంద్రుడును రావణుడును ఎట్టి గతి పొందిరో తెలియునా యనియు అతనిని గద్దించును.

ఈ ఘట్టమును కొంచెము నిలిచి చూడవలెను. పదునాలుగేండ్ల ఎడబాటును గూర్చి ఊర్మిళ భర్తను ఒక్కమాట నిందింపదు. అట్లు నిందించుట ఆనాటి ఇల్లాలికి నోరాడని పని. అందుచేత పాట ఆమెచేత అతనిని గుర్తింపకుండ చేసినది. పరపురుషుడనుకొని ఆమె పలికిన ప్రతిమాటయు భర్త చెవినే పడుచున్నది. తన భార్యకు తాను పరపురుషుడై పోయినానన్న సంగతి అతనికి వేరొకరు చెప్పనక్కరలేకయే తెలియుచున్నది. కోడళ్లు కూడి తీరికవేళ ఈ పాటను పాడుకొనుచుండగా చావడిలో కూర్చున్న మగవారు పిల్లలు పుణ్యకథ పాడుకొనుచున్నారని సంతోషించియుందురు. కుటుంబమున స్త్రీ స్థితిని గూర్చి ఇంతకంటె లోతైన విమర్శ మన పాతసాహిత్యమున అరుదు. అందు విమర్శయని చెప్పదగిన వాక్యము మాత్రము ఒక్కటియు కానరాదు.

నా అభిప్రాయమున సరళగేయము యొక్క బలమంతయు ఇచటనే యున్నది. అది వస్తువును చూపును, సంఘటనను చెప్పును. తీర్పును మాత్రము వినువానికి వదలివైచును. ఆ తీర్పును వినువాడు తానే పలికికొనును గనుక అది అతనిదై పోవును. పనిపాటల నిర్మాణము సైతము దీనికి తోడ్పడుచున్నది. నాట్లలో గాని, మోటకడ గాని ఒకరు చరణమెత్తుకొందురు, తక్కినవారు పల్లవి నందుకొందురు. పల్లవి అందరిది, మారదు. చరణము ఎత్తుకొన్నవారిది, ఊరిని బట్టి, ఋతువును బట్టి, ఆనాటి కూలిని బట్టి అది మారుచుండును. బతుకమ్మ చుట్టు తిరుగు స్త్రీలు పాదపాదమునకు పలుకు ఉయ్యాల యను మాటకు ఏ సిద్ధాంతమును లేదు, కాని ఆ మాటల నడుమ గౌరీపూజ మొదలు కరవుకాటకముల వరకు ఏదైనను ఇమిడిపోవును. పిలుచుట పల్లవి పని, మోయుట చరణము పని. పల్లవిలోని హాయిని చూచి పాటను తేలికగా అంచనా వేసినవారు చరణమును వినలేదన్నమాట.

ఆధునికకాలమున ఈ సంగతిని ముందుగా కనిపెట్టినవాడు గురజాడ అప్పారావు. కన్యాశుల్కమను దురాచారమును గూర్చి ఆయన నాటకము వ్రాసెను, పాటయు వ్రాసెను. నాటకమున ఆయన చూపిన హాస్యము, లోకజ్ఞానము, పాత్రల చాతుర్యము మనము తనివితీర పొగడుచునే యున్నాము. కాని ముదుసలికి అమ్ముడుపోయిన పసిదాని మనసును చెప్పవలసివచ్చినప్పుడు ఆయన నాటకమును విడిచి, పుత్తడిబొమ్మ పూర్ణమ్మ కథను చిన్నచిన్న పాదముల పాటగా కట్టెను. అందు పూర్ణమ్మ తండ్రిని దూషింపదు. దురాచారమన్న మాటయే ఎత్తదు. పూలను గూర్చి, దుర్గగుడిని గూర్చి, అన్నదమ్ములను గూర్చి మాటలాడి, తనను తలచుకొండని చెప్పి కొలనువైపు పోవును. సంస్కర్తల ఉపన్యాసములలో కన్యాశుల్కము తప్పని వినిన పాఠకుడు, ఇచట తానే ఆ తండ్రియగునేమోయని ఉలికిపడును. సంస్కరణోపన్యాసములు పుస్తకశాలలలో నిదురించుచున్నవి. పూర్ణమ్మ నేటికిని పాఠశాలల పిల్లల నోట నున్నది.

గురజాడ పాట ఇంటిలోని అన్యాయమును చెప్పినది. పరిపాలనలోని అన్యాయమును పాట చెప్పనారంభించినది సహాయనిరాకరణోద్యమకాలమున. శ్రీకాకుళప్రాంతపు గరిమెళ్ల సత్యనారాయణ తెల్లవారి దొరతనము మాకు వద్దని కట్టిన పాట ఆనాడు వీథివీథిని మ్రోగెను. ఇచట కవి తన తీర్పును దాచుకొనలేదు, పల్లవిలోనే ప్రకటించెను. ఇది నేను పైన చెప్పిన సూత్రమునకు విరుద్ధము కాదా యని అడుగవచ్చును. చరణములలోనికి దిగిన పిదప ఆ సందేహము నిలువదు. స్వాతంత్ర్యము, స్వపరిపాలన, జన్మహక్కు వంటి మాటలతో ఆయన తన వాదమును నడపలేదు. నేల పండుచుండగా పిడికెడు అన్నము కరవగుటయు, ఉప్పును ముట్టుట నేరమగుటయు ఆయన సాక్ష్యములు. ఉప్పుపై గల ఏలుబడిని దేశమంతయు ధిక్కరించినది 1930లో. దానికి సుమారు దశాబ్దము ముందే తెలుగుపల్లెలో కూలివాడు ఆ ఉప్పును గూర్చి పాడుకొనుచుండెను. రాజమహేంద్రవరపు దొర యొకడు ఆ కవిని పిలిపించి పాట పాడించుకొని, భాష తెలియకున్నను ఇందలి వేడి తెలియుచున్నదనెనని ఒక కథ వాడుకలో నున్నది. కథ నిజమైనను కాకున్నను, ఆ పాటకై గరిమెళ్ల కారాగారము ననుభవించినమాట మాత్రము నిజము. స్వరాజ్యము వచ్చిన ఐదేండ్లకు, 1952లో, ఆ కవి మద్రాసులో దారిద్ర్యముతో కన్నుమూసెను. ఆయన పాటను పాడి పదవుల నందినవారు అప్పటికి తమ తమ కార్యాలయములలో తీరికలేక యుండిరి.

ఈ పాట చరిత్రలో అంతకంటె ఆలోచింపదగిన ఘట్టము వేరొకటి కలదు. రాజమహేంద్రవరమునకే చెందిన కుసుమ ధర్మన్న, వైద్యుడు, దళితజనుల పక్షమున కలము పట్టినవాడు, గరిమెళ్ల ఒరవడినే తీసికొని నల్లవారి దొరతనము మాకు వద్దని వేరొక పాటను కట్టెను. పల్లవిలో మార్చినది వర్ణవాచకమును మాత్రమే. కాని ఆ మార్పుతో పాట ముఖము ఓడరేవు వైపునుండి ఊరి నడిబొడ్డునకు తిరిగినది. తెల్లవాడు పోయినంతమాత్రమున పాలేరు బ్రతుకు మారునా, అంటరానితనము తొలగునా యన్న ప్రశ్నను దేశభక్తుల నోటనున్న బాణీలోనే వారి చెవిని వేసెను. ధర్మన్న ఇదే విషయమును ప్రత్యేకముగా ఒక వ్యాసముగా వ్రాసియుండినచో, సమయము కాదనియో, ఐకమత్యమునకు భంగమనియో దానిని ప్రక్కకు నెట్టుట సులభము. తాము తన్మయులై పాడుకొనుచున్న పాటయే ఎదురు తిరిగి అడుగుచుండగా దేశభక్తుడు ఏమని బదులు చెప్పగలడు? జాషువ మహాకవి పద్యమును ఆయుధముగా చేపట్టి అగ్రవర్ణపండితుని అతని సభలోనే ఓడించెను. ధర్మన్న పాటను చేపట్టి ఉద్యమకారుని ఉద్యమములోనే నిలదీసెను. సాహిత్యచరిత్రలు మొదటివానికి ఇచ్చిన పుటలలో పదవవంతైనను రెండవవానికి ఇచ్చినట్లు నాకు తోపదు. పాటను సాహిత్యము వెలుపల నుంచు మన అలవాటు దీనికి కొంత కారణము. తక్కిన కారణమును పాఠకులు ఊహింపగలరు.

తెలంగాణమునకు వచ్చునప్పటికి పాట దొరల గడీగోడలను ఎదుర్కొనవలసివచ్చెను. నైజాము ఏలుబడిలో వెట్టిచాకిరి, నాగువడ్డీలు, భూముల ఆక్రమణ ఊరూర నడుచుచుండెను. తెలుగు పాఠశాలలే తక్కువయైన ఆ దేశమున కరపత్రము చేరగలిగిన ఇండ్లెన్ని? ఆంధ్రమహాసభ కార్యకర్తలు పాటను నమ్ముకొనుట అవసరముచేత జరిగినపని. ఆ అవసరము మనకు కొన్ని గొప్పపాటలను ఇచ్చినది. నల్లగొండ ప్రాంతపు సుద్దాల హనుమంతు గొల్లసుద్దులు, పిట్టలదొర మొదలగు జానపదరూపములను చేపట్టి, వానిలో ఉన్న నవ్వును పోగొట్టకుండనే సంఘము మాటను వానిచే చెప్పించెను.

ఆయన పసులకాపరి పిల్లవానిపై వ్రాసిన పాటను దగ్గరగా చూచినచో సరళగేయనిర్మాణరహస్యము చాలవరకు తెలియును. దొరవద్ద జీతమునకు కుదిరిన బాలుడు అందలి నాయకుడు. కవి అతనితో మాటలాడుచున్నాడు. తల్లిపాలు మరచి ఎంతకాలమైనదని అడుగుచున్నాడు. పిదప అతనిని ఆపాదమస్తకము మనకు చూపును: ఒంటికి చాలని చినిగిన అంగి, తలపై గోనెసంచి కొప్పెర, దానికి చిల్లులు, కాళ్లకు తాటిచెప్పులు, ముండ్లబాట, తోడుగా చేతికర్ర. దూడలు చేనిలో పడి మేసినచో ఏమగునోనన్న బెదురు ఒకచోట తొంగిచూచును. చివరకు జీతపు లెక్క వచ్చును: కొలిచి ఇచ్చునది కుంచెడు గింజలు, అందులోను తాలు. అంతే. దోపిడి యని గాని, భూస్వామ్యమని గాని అందు లేదు. గింజలలో తాలు కలిపిన చేయి ఎవరిదో పాట చెప్పదు. విన్న ప్రతివానికి తన ఊరి దొర చేయి కనబడును. అర్థశాస్త్రజ్ఞుడు మిగులువిలువను గూర్చి నూరుపుటలలో చెప్పునది ఆ తాలుగింజలో ఉన్నదనుట అతిశయోక్తి కాదు. పైగా కవి ఆ బాలునిపై జాలిని ఒలుకబోయలేదు. మొనగాడా యని పిలిచినాడు. ఆ పిలుపులో ఎత్తిపొడుపు ఎంత, గౌరవమెంత, రేపటిపై ఆశ ఎంత యన్నది పాడువాని గొంతును బట్టి మారును.

హనుమంతు పాట కంట నీరు తెప్పించును. బండి యాదగిరి పాట భయమును పోగొట్టును. బండివెనుక బండి కట్టి వచ్చుచున్నావా, ఏ బండిలో వత్తువని ప్రభువునే ప్రశ్నించు ఆ పల్లవిలో, పెండ్లికో జాతరకో పోవు బండ్ల వరుస తప్ప బెదరింపు కనబడదు. కాని సర్వాధికారము గల ఏలికను సంతలో ఎదుటివానిని కవ్వించునట్లు పిలిచిన క్షణమున, తరతరములుగా గడీముందు చెప్పులు విడిచి చేతబట్టుకొని నడిచిన మనుష్యుని వెన్ను నిటారగును. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు బలియైన పిమ్మట ఊళ్లు లేచినవన్నచో, లేచిన ఊళ్ల నోట ఇట్టి పాటలున్నవి. పాటలే ఊళ్లను లేపినవని చెప్పుట కవులకు ఇంపుగా నుండును గాని సత్యము కాదు; వెట్టియే వారిని లేపినది, లేచిన పిదప వారికి గొంతు కావలసివచ్చినది. మూడు దశాబ్దముల పిమ్మట 1979 నాటి మాభూమి చిత్రమున ఈ రెండు పాటలును మరల వినబడినవి. యాదగిరి పాటను తెరపై గద్దరు పాడెను. నాటి పోరాటమును ఎరుగని తరమునకు ఆ చరిత్ర చేరినది గ్రంథములద్వారా కంటె ఆ గొంతుద్వారానే.

ఇచట బుర్రకథను గూర్చి రెండుమాటలు చెప్పక తీరదు. కథకునకు ఇరువైపుల నిలుచు వంతలలో ఒకడు హాస్యము చెప్పును, రెండవవాడు రాజకీయము చెప్పును. అనగా సమకాలికవిమర్శకు ఈ కళారూపములోనే పీట వేసియున్నది. బొబ్బిలికథ నడుచుచుండగా నడుమ రాజకీయపువంత ఒక ప్రశ్న అడుగును, కథకుడు బదులిచ్చును, అప్పటి ధాన్యపు ధరయో, చీకటిబజారో ఆ నాలుగుమాటలలో వచ్చిపోవును. పొన్నెకల్లు నాజరు ప్రజానాట్యమండలి పక్షమున బెంగాలు కరవును కథగా చెప్పుచుండగా, ఎన్నడును ఆ దేశమును చూడని గుంటూరు రైతు కండువాతో కన్నులు తుడుచుకొనెనన్నచో, అందు నాజరు గొంతుకు ఎంత భాగమున్నదో, వంతల తందానకు అంత భాగమున్నది. మద్రాసు సర్కారును నైజాము సర్కారును బుర్రకథను నిషేధించిన సందర్భములున్నవి. ప్రభుత్వము వారు సాహిత్యవిమర్శకులు కారు గాని, ఏ రచన జనులలోనికి పోవుచున్నదో పసిగట్టుటలో వారి తీర్పు మన విమర్శకుల తీర్పుకంటె తరచుగా సరిగానే యుండును.

ఇక చలనచిత్రములు. పాట ఇచట ఎక్కువ చెవులకు చేరినది. ఎక్కువ పోగొట్టుకొన్నదియు ఇచటనే. 1938లో మాలపిల్ల, 1939లో రైతుబిడ్డ యను చిత్రములతో గూడవల్లి రామబ్రహ్మము మొదలిడిన దారిలో పాటకు సాంఘికప్రయోజనము సహజముగానే దొరకినది. రైతుబిడ్డ జమీందారుల ఆగ్రహమునకు గురియైనదనుటయే దాని పదునును తెలుపును. కాని నేను విస్తరించి చెప్పదలచినది 1955 నాటి రోజులు మారాయి చిత్రములోని ఏరువాక పాటను గూర్చి. కవి కొసరాజు రాఘవయ్య చౌదరి, సేద్యమెరిగిన ఇంటివాడు. పాడినది జిక్కి, తెరపై ఆడినది వహీదా రెహమాన్. ఈ పాట వినని తెలుగువాడు లేడు. ఏరువాక సాగుమని రైతును పిలుచు పల్లవియు, నవధాన్యములు, చద్దిమూట, ముల్లుగర్ర మొదలగు మొదటి చరణముల మాటలును అందరికి వచ్చును.

తరువాతి చరణములు ఎందరికి వచ్చును? పొలము అమ్ముకొని పట్టణమున మేడలు కట్టుకొనువారును, సొమ్మును బ్యాంకులో దాచుకొనువారును ఆ పాటలోనికి వరుసగా వత్తురు. ఊరిలో చెల్లక రాజకీయములపై బ్రతుకువారును, ప్రజాసేవయని కేకలువేయుచు ఒళ్లు వంచి పనిచేయనివారును, ఓట్లు గుంజుకొని పిదప రైతును మరచువారును వారి వెనుకనే వత్తురు. సాధారణ ఎన్నికలు మొదటిసారి జరిగి మూడేండ్లైనను నిండీనిండని కాలమున ఇంత సూటియైన విమర్శను ఒక నర్తకి గజ్జెల చప్పుడు నడుమ కొసరాజు కూర్చెను. దీనిని నేను మోసమనను. మన జానపదులు ఎల్లప్పుడు చేసినపనియే అది. నృత్యము చూడవచ్చినవాడు విమర్శను వినిపోయెను. కాని ఆ నృత్యమే పాటకు శత్రువును అయినది. బాణీ బలమైనదగుటచే అది పాటను విడిచి తాను ఒంటరిగా ప్రయాణము కట్టినది. 1960లో హిందీ చిత్రమొకదానిలో ఆ బాణీయే మరల వినబడినది. అందు రైతు లేడు, ముల్లుగర్ర లేదు, ఓట్లు గుంజుకొనువాడు అసలే లేడు. చిలిపి పడుచుపాట యొకటి ఉన్నది. అన్యభాషవారిని అని ప్రయోజనమేమి? మన పెండ్లిపందిళ్లలోను ఆ పాట రెండవ చరణము దాటదు.

శ్రీశ్రీ వెలుగునీడలు చిత్రమునకు 1961లో వ్రాసిన భారతీయుని పాట గతి ఇంతకంటె విచిత్రమైనది. స్వాతంత్ర్యము వచ్చినదని సభలు చేసి సంబరపడిన చాలదని, ఆకాశమంటిన ధరలను, నిరుద్యోగమును, లంచగొండితనమును, బంధుప్రీతిని, చీకటిబజారును ఆ పాట ఎత్తిచూపినది. అట్టి పాటను మనము ఏమిచేసితిమి? ప్రతియేటను ఆగస్టు 15వ తేదీన సభచేసి, సంబరపడుచు, ధ్వనివర్ధకములలో దానినే వేయుచున్నాము. ఆ పాట ఎవరిని నిందించుచున్నదో వారే వేదికపై కూర్చుండి తాళము వేయుచుండుట చూచినప్పుడు నవ్వవలెనో ఏడువవలెనో తెలియదు. శ్రీశ్రీ రచనలో లోపమున్నదని చెప్పుట సాహసము, అయినను చెప్పెదను. అవినీతి, బంధుప్రీతి, నిరుద్యోగము మొదలగునవి సభలలో వాడివాడి మొద్దువారిన మాటలు. అవి విన్నప్పుడు ప్రతివాడును ఎదుటివానిని తలచుకొనును. ఎవడును తన్ను తాను తలచుకొనడు. కుంచెడు గింజలలో తాలు కలిపినవాడు హనుమంతు పాటకు తాళము వేయలేడు. మహాప్రస్థానకవికి ఈ భేదము తెలియదనుకొనను. చిత్రకథలో ఆ పాటకు దొరకిన చోటు ఉద్బోధను కోరినది, ఉద్బోధకు అట్టి మాటలు సులభముగా వచ్చును.

తరువాతి కాలపు ప్రజాకవులను గూర్చి క్లుప్తముగా చెప్పెదను; వారి పాటలు మన చెవులలో ఇంకను తాజాగానే యున్నవి గనుక. గద్దరు, గూడ అంజయ్య, ఉత్తరాంధ్రపు జముకుల దరువును చేపట్టిన వంగపండు ప్రసాదరావు ఈ మువ్వురును పాటను మరల పల్లెనోటికి తెచ్చిరి. యంత్రము ఎట్లు నడచుచున్నదని వంగపండు అడుగును. ఆ ప్రశ్నకు బదులుగా పనివాడు తన చేతులను చూచుకొనును. వారి అనుకర్తలు వందలకొలది బయలుదేరిరి. వారిలో చాలమంది నినాదమునకు బాణీ కట్టుటయే పాటయని భ్రమించిరి. నినాదము సభలో పనికివచ్చును. సభ ముగిసిన పిదప ఇంటికి పోవు దారిలో దానిని ఎవడును పాడుకొనడు. 1990ల మొదటిభాగమున నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాకొట్టుపై లేచినప్పుడు అక్షరాస్యతాకార్యక్రమపు పాఠములును, కళాజాతల పాటలును వారికి తోడైనవి. తాగివచ్చిన మగని గూర్చి, ఖాళీయైన కుండను గూర్చి చెప్పిన పాటలే అందు నిలిచినవి. మద్యపానము మహాపాపమన్న పాటలు ఎప్పుడును ఉన్నవే, వానివలన ఒక్క కొట్టును మూతపడలేదు.

గోరటి వెంకన్న పల్లె కన్నీటిపాటను గూర్చి మాత్రము కొంత ఎక్కువగా చెప్పవలెను. ఆర్థికసంస్కరణల దశాబ్దమున పుట్టి, 2002లో కుబుసమను చిత్రముద్వారా ఇంటింటికి చేరిన ఈ పాటలో, పల్లె ఏడ్చుచున్నదన్న పల్లవి పాతదే. ఆ మాట అనని కవి లేడు. కొత్తదనమంతయు చరణములలో నున్నది. కవి ఊరిలో ఇల్లిల్లు తిరుగును. కుమ్మరి వాములోను, కమ్మరి కొలిమిలోను నిప్పు లేదు; వడ్రంగి బాడిసకు పదును లేదు; సాలెవాని మగ్గము పనికిరాకున్నది. ఒక్కొక్క కులవృత్తియు ఒక్కొక్క పనిముట్టుగా మన యెదుటికి వచ్చి, చేయువాడు లేక పడియున్న స్థితిని చూపిపోవును. ఎక్కడనో జరిగిన వాణిజ్యపుటొడంబడికకును ఈ ఊరి కొలిమికిని గల సంబంధమును వెంకన్న ఒకటి రెండు చోట్ల తప్ప వివరింపలేదు. కనబడని కుట్రలు కలవని మాత్రము సూచించెను. అర్థశాస్త్రము చదివినవారికి ఇది అసంపూర్ణముగా తోచవచ్చును. కులవృత్తుల పల్లె అంత తీయనిదా, ఆ కుమ్మరికిని కమ్మరికిని ఊరివారు ఇచ్చిన మర్యాద యెంతయని ధర్మన్న లేచివచ్చినచో అడుగకపోడు. ఆ ప్రశ్న న్యాయమైనదే. పోయినదానిని తలచి ఏడ్చుపాటకు ఈ చిక్కు ఎల్లప్పుడు ఉండును: ఏడ్పు నిజమే, కాని తలపోతలో పాత ఊరు ఉన్నదానికంటె అందముగా కనబడును. అయినను, ఒక తరము చేతిపని యంతయు కన్నులెదుట ఆగిపోవుచుండగా, దినపత్రికల సంపాదకీయములు వృద్ధిశాతములను లెక్కించుచున్న దినములలో, ఆ కొలిమిలోని బూడిదను లెక్కలోనికి తెచ్చినది ఈ పాటయే.

ఇప్పుడు పాట చేతిలోని ఫోనులోనికి వచ్చినది. నిమిషము నిండని ముక్కలుగా అది చేతులు మారుచున్నది. ఆ నిమిషములో పల్లవి వచ్చును, దరువు వచ్చును, మొదటి చరణములో సగము వచ్చును. ఏరువాక పాటకు తెరపై పట్టిన గతి ఇక అన్నింటికిని పట్టవచ్చునని నాకు దిగులుగానే యున్నది. దీనికి విరుగుడును పల్లెలలోనే చూచుచున్నాము. పాతపల్లవిని అట్లే యుంచి, ఎరువుల ధరను గూర్చియో, ఎండిన బోరును గూర్చియో, గల్ఫుదేశమునుండి తిరిగిరాని కొడుకును గూర్చియో కొత్తచరణము కట్టి పాడువారు తెలంగాణపు ఊళ్లలో ఇప్పటికిని కలరు. విశ్వవిద్యాలయముల జానపదశాఖలు పాతపాటల పాఠభేదములను సేకరించుటలో చూపుచున్న శ్రద్ధలో కొంత ఈ కొత్తచరణములకు కేటాయించి, ఏ ఊరిలో, ఏ యేట, ఏ సందర్భమున చేరినవో వ్రాసియుంచినచో, ఈ కాలపు రైతుచరిత్రను వ్రాయబోవు వారికి ప్రభుత్వలెక్కలలో దొరకని ఆధారములు దొరకును.